పదకొండు డిగ్రీల ముక్కు

తుమ్మస్ పేరులోనే తుమ్ము ఉంది గాని, ఎవరో తుమ్మారని ప్రయాణం ఆపే రకం కాదాయన. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పొద్దున ఏడుంబావుకి స్కార్వోయ్ దీవిలో తాడు విప్పి ఎనిమిదింటికి పెద్దరేవులో కడతాడు. సాయంత్రం ఐదింటికి అక్కడ విప్పి మళ్ళీ ఇక్కడ కడతాడు. ఉత్తరాలు, గొర్రెలు, పాలడబ్బాలు, పంటినొప్పులు, పెళ్ళికూతుళ్ళు, ఆ దీవికి ఏది రావాలన్నా పోవాలన్నా ఆయన పడవ 'తెర్నా' మీదే. అలాంటి మనిషిని శుక్రవారం నుంచి చుక్కాని ముట్టుకోవద్దన్నారు. పెద్దరేవులో టిక్కెట్ల కిటికీ వెనక కూర్చోమన్నారు. కారణం ఒక్క ముక్కలో చెప్పాలంటే, ముక్కు.

ఆయన ముక్కు కాదు. పడవ ముక్కు.

రన్వాకి ఈ సంగతి మంగళవారం మధ్యాహ్నం పడవల కంపెనీ ఆఫీసులో తెలిసింది. రన్వా పడవల్లో రాడార్లు, ఆటోపైలట్లు, దారి చూపే తెరలు బిగించే మనిషి. నలభై దాటింది. జేబులో మూడు స్క్రూడ్రైవర్లు, చెవి వెనక ఒక పెన్సిలు లేకుండా ఆమెను ఎవరూ చూడలేదు, చర్చిలో తప్ప. చర్చిలో పెన్సిలు ఒక్కటే ఉంటుంది. ఈ ఏప్రిల్లో తెర్నాకి కొత్త తెర పెట్టింది ఆమే. తెర్నాకి తెర లేచింది, ఇక నాటకం చూడాల్సిందేనని అప్పట్లో దీవి జనం వేళాకోళమాడారు. నాటకం ఇప్పుడు మొదలైంది.

ఆఫీసులో పెద్ద పేరు రేగిన్. పేరు రేగిన్ గాని ఆయన రేగగా చూసినవాళ్ళు లేరు. గొంతు పెంచకుండానే ఎదుటి మనిషిని తగ్గించగలడు. రన్వాకి కాఫీ పోసి, తన తెరను ఆమె వైపు తిప్పి, సోమవారం సాయంత్రం నడిచిన దారిని వేలితో చూపించాడు. ప్రతి పడవా పది సెకన్లకోసారి తాను ఎక్కడుందో, ఎటు చూస్తోందో ఆఫీసుకి చెప్పుకుంటుంది. ఎక్కడుందో చెప్పేవి ఆకాశంలోని ఉపగ్రహాలు. ఎటు చూస్తోందో చెప్పేది చుక్కాని గదిలో చెక్కగోడ వెనక రన్వా బిగించిన అరచేతంత దిక్సూచి డబ్బా.

స్కార్వోయ్ రేవు ముందు రెండు రాళ్ళున్నాయి. ఎడమవైపుది పిల్లి, కుడివైపుది పిల్లికూన. పేర్లు ముద్దుగానే ఉంటాయి, గీరాయంటే మాత్రం పడవ పొట్ట చిరుగుతుంది. సోమవారం సాయంత్రం పది బారల అవతల ఏమీ కనబడని పొగమంచులో, పదకొండుమంది జనంతో, ఆరు గొర్రెలతో ఆ రెంటి మధ్యకీ వస్తూ తుమ్మస్ ఆటోపైలట్ ఆపేశాడు. ఆపేసి, రికార్డు ప్రకారం, పడవ ముక్కుని పిల్లికూన మీదికి తిప్పి నాలుగు నిమిషాలు అలాగే పట్టుకున్నాడు. పడవ క్షేమంగానే చేరింది. గొర్రెలు దిగి గడ్డిలో పడ్డాయి. కానీ ఆఫీసు తెరమీద ఎర్రగీత పడింది, గీత పడ్డాక రాత మారకుండా ఉంటుందా?

యంత్రాన్ని ఎందుకు ఆపావని అడిగితే చెయ్యి దురద పెట్టిందన్నాడట. అంతకుమించి ఒక్క మాట రాబట్టలేకపోయామని, పెద్దాయన కదాని రెండుసార్లు అడిగామని, రెండుసార్లూ దురదేనని రేగిన్ చెప్పాడు.

రన్వా తెరకు దగ్గరగా వంగింది. పడవ ఉన్న చోట్లన్నీ చుక్కలుగా పడి ఉన్నాయి. చివరి చుక్కలు రెండు రాళ్ళ మధ్యన దారం పట్టినట్టు తిన్నగా ఉన్నాయి. ముక్కు మాత్రం కుడికి తిరిగి ఉంది. కడలి ప్రవాహం పక్కనుంచి తోస్తే పడవ అలా పీతలాగా నడుస్తుంది, అది మామూలే. కానీ ఆ వేళకి ఆటుపోట్లు రెండూ ఆగి నీళ్ళు నిలకడగా ఉన్నాయి. నిలకడ నీళ్ళలో పీతనడక ఏమిటని ఆమె పైకే అంది.

"అదే నువ్వు తేల్చాలి," అన్నాడు రేగిన్. "యంత్రం బాగుందంటే తప్పు మనిషిది. బాగాలేదంటే..." అక్కడ ఆగి ఆమె చెవి వెనక పెన్సిలుని చూశాడు. "గురువారం మధ్యాహ్నంలోగా నీ సంతకం కావాలి."

మిగిలిన వాక్యం ఆయన అననక్కర్లేదు. బాగాలేదంటే తప్పు బిగించినవాళ్ళది.

బుధవారం పొద్దున తెర్నా పెద్దరేవులో కట్టి ఉండగా రన్వా చుక్కాని గదిలో మోకాళ్ళ మీద కూర్చుని చెక్క ఊడదీసింది. తుమ్మస్ ఆమెకు దణ్ణం పెట్టినట్టు ఒకసారి టోపీ ముట్టుకుని, పోస్టాఫీసులో పనుందని దిగిపోయాడు. ఏప్రిల్లో అయితే ఈ గది వదిలేవాడు కాదు. నాలుగు రోజులూ ఆమె వెనకే స్టూలు వేసుకుని కూర్చుని, ఇది ఏమిటి, అది ఎందుకని అడుగుతూ, గోడ వెనక దాక్కున్న డబ్బాకి కొత్తకోడలని పేరు పెట్టాడు. కొత్తకోడలు అలిగితే ఎవరు బుజ్జగించాలని అడిగి, నేనే అనిపించుకున్నాడు.

ఆమె ఒక్కొక్క తీగా లాగి చూసింది. డబ్బాకి పట్టిన నాలుగు ఇత్తడి మరలూ వేలితో తడిమింది. ఒక్కటీ వదులు కాలేదు. ఆ రేవు గోడ ఎటు చూస్తోందో పటం మీద కచ్చితంగా ఉంటుంది, పడవ ఆ గోడకి ఆనుకుని ఉంది, కాబట్టి డబ్బా కూడా అదే అంకె చెప్పాలి. చెప్పింది. అరడిగ్రీ తేడా కూడా లేదు. పోల్చుకుందామంటే పాత ఇత్తడి దిక్సూచి లేదు. దాని ద్రవంలో బుడగ పడిందని వసంతంలోనే బాగుకి పంపారు, దిక్కులు చూపించే దానికి ఇంకా దిక్కులేదు. రన్వా గోడమీద తానే అంటించిన ఎర్రకాగితం చదివింది. ఈ గోడకి మీటరు దూరంలో ఇనుము, స్పీకర్లు, ఫోన్లు పెట్టరాదు. కింద తన సంతకం. చుట్టూ చూసింది. ఒక చెంచా కూడా లేదు. గది కడిగిన ముత్యంలా ఉంది.

యంత్రం బాగుంది. ఆ మాట రాయడానికి పెన్సిలు తీసింది. రాయబుద్ధి కాక మళ్ళీ చెవి వెనక పెట్టుకుంది.

బయట డెక్కు మీద తుంపరలో, బంగాళాదుంపల బస్తా మీద కూర్చుని బిల్లా అల్లుతోంది. తాళ్ళు విసిరేదీ, టిక్కెట్లు చింపేదీ, అవసరమైతే చుక్కాని పట్టేదీ బిల్లాయే. పేరే బిల్లా కనక ఆమెకు వేరే బిల్లా అక్కర్లేదు. ఒళ్ళో ఉన్ని సంచి, సంచి మీద ప్లాస్టిక్ కాగితం, ముక్కు చివర వానచుక్క. తడుస్తూ ఇక్కడెందుకు, లోపల వెచ్చగా ఉంది కదాని రన్వా అడిగింది. అడగడమే తరువాయి, నిన్నటి నుంచి మూటగట్టుకున్నదంతా బిల్లా విప్పేసింది. ముప్ఫై ఏళ్ళుగా చుక్కాని గదిలో తన స్టూలు, తన కొక్కెం, ఆ కొక్కేనికి తన సంచి. ఒక్క రోజూ ఎవరూ ఏమీ అనలేదు. నిన్న పొద్దున్నే ముసలోడు ఆ సంచి తీసి బయట పెట్టి, ఇకమీదట అల్లకం గదిలో వద్దన్నాడట.

"ఏం కారణం చెప్పాడో తెలుసా? ఉన్నికి తుమ్ములొస్తున్నాయట."

రన్వాకి నవ్వొచ్చింది. బిల్లాకి రాలేదు.

"గొర్రెల కొట్టంలో పుట్టినోడు. చలికాలం లోపలి బనీను ఉన్ని, బయటి చొక్కా ఉన్ని, వాళ్ళమ్మ తొట్లో పరిచింది ఉన్ని. అరవై మూడేళ్ళూ ఉన్నిలోనే ఉన్నోడికి ఇప్పుడు తుమ్ములా? నేనంటే పడటంలేదని చెప్పమను, నేనే దిగిపోతాను."

రన్వా నవ్వు సగంలో ఆగింది. ఈ దీవుల్లో ఎవడైనా అబద్ధమాడదలుచుకుంటే వాతావరణం గురించి ఆడతాడు, చేపల గురించి ఆడతాడు. ఉన్ని పడదని ఆడడు. ఇంత చేతకాని అబద్ధమాడాడంటే తుమ్మస్‌కి దొరికిన కారణం ఆ ఒక్కటే అయ్యుండాలి.

ఆ సంచి ఒకసారి ఇమ్మని అడిగి, లోపలికి తీసుకెళ్ళి పాత కొక్కేనికి తగిలించింది. కొక్కెం చెక్కగోడకే ఉంది, దాని వెనక జానెడు దూరంలో డబ్బా. తగిలించి, తెర వైపు తిరిగింది.

రేవులో రెండు తాళ్ళతో కట్టేసిన పడవ తెరమీద మెల్లగా కుడికి ముక్కు తిప్పింది. ఒకటి, మూడు, ఏడు, పదకొండు డిగ్రీలు. అక్కడ ఆగి, అదే నిజమన్నట్టు నిలబడింది.

సంచి తీసింది. ముక్కు తిరిగొచ్చింది. మళ్ళీ తగిలించింది. మళ్ళీ పదకొండు.

సంచిలో ఏముందో చూడక్కర్లేదు, ఆమెకే బాగా తెలుసు. అయినా చెయ్యిపెట్టి తీసింది. పలకంత ఇనపరేకు, దానిమీద అల్లకం నమూనా కాగితం, కాగితం మీద వేలెడు అయస్కాంతం. నమూనా నిండా గళ్ళు, గళ్ళలో నల్లచుక్కలు. ఏ వరసలో ఉన్నామో తప్పితే స్వెట్టరు మొత్తం తప్పుతుంది. పడవ ఊగినప్పుడల్లా వరస గుర్తు జారిపోతోందని బిల్లా గొణిగితే, రన్వా తన కొట్లో పాత స్పీకరు పగలగొట్టి, అందులోని అయస్కాంతంతో జారని గుర్తు చేసి, కింద పెట్టుకోవడానికి రేకు కోసి, అంచులు చెయ్యి కోసుకోకుండా అరగదీసి, ఆదివారం ప్రార్థనయ్యాక చర్చి గుమ్మంలో కానుకగా ఇచ్చింది. బిల్లా అల్లుతున్న స్వెట్టరు రన్వాకే. సోమవారం ఆ రేకు మొదటిసారి పడవెక్కింది.

అయస్కాంతం అన్న మాటలో కాంత ఊరికే లేదు. ఇక్కడైతే ఇద్దరున్నారు, ఇచ్చిన కాంత, పుచ్చుకున్న కాంత. దిక్సూచిలో సూచి అంటే సూదే గనక, అల్లకం సూదుల సంచి వెళ్ళి దిక్కుల సూదిని పొడిచింది. ఆ సూది పదకొండు డిగ్రీలు అటు, కుడికి, చూపిస్తే, దాన్ని నమ్మిన ఆటోపైలట్ పడవను పదకొండు డిగ్రీలు ఇటు, ఎడమకి, తిన్నగా పిల్లి నోట్లోకి నడిపించింది. తుమ్మస్ దాన్ని ఆపి సరైన దారికి తిప్పాడు. సరైన దారిలో వెళుతున్న పడవని ఆ డబ్బా పిల్లికూన మీదికి వెళుతోందని రాసుకుంది.

బిల్లా గుమ్మంలో నిలబడి తెరనీ సంచినీ మార్చి మార్చి చూస్తోంది. ఎర్రకాగితం ఆమె రోజూ చదువుతూనే ఉంది. అందులో ఉన్ని అని లేదు.

"నువ్వే ఇచ్చావు," అంది చివరికి, చాలా చిన్న గొంతుతో. "నువ్విచ్చింది నీ డబ్బాకే పడదని నేనెలా అనుకుంటాను?"

ఆ సాయంత్రం పడవలో రన్వా కూడా దీవికి వెళ్ళింది. దారంతా తుమ్మస్ ముందుకే చూస్తూ నడిపాడు, ఆమె ఆయన వీపునే చూస్తూ కూర్చుంది. దిగాక ఆయన ముందు వెళ్ళిపోయాడు. రేవు నుంచి ఆయన ఇంటికి గడ్డిలో కాలిబాట. ఆ గడ్డిలోనే తెర్నా పక్షులు గుడ్లు పెడతాయి. పడవకి ఆ పేరు వాటివల్లే వచ్చింది. నల్లటోపీ పెట్టినట్టుండే తెల్లటి పిట్ట, గుప్పిట్లో పట్టేంత ఒళ్ళు. భూమికి ఆ చివర మంచులో చలికాలం గడిపి, మేనెలలో ఈ చివరికి వచ్చి, నిరుడు గుడ్డు పెట్టిన జానెడు గడ్డిలోనే వాలుతుంది. అంత దూరం వచ్చినదానికి అతిథి మర్యాదలు తెలియవు. మనిషి నెత్తి కనబడితే చాలు, ముక్కుతో సూటిగా వచ్చి పొడుస్తుంది. ముక్కుసూటి మనుషులను భరించొచ్చు గాని ముక్కుసూటి పిట్టలను భరించడం కష్టం. రన్వా బాట మొదట్లో ఇందుకోసమే ఉంచే చీపురు తీసుకుని నెత్తిమీద జెండాలా ఎత్తిపట్టి నడిచింది. అవి ఎత్తైనదాన్నే పొడుస్తాయి కనక చీపురు తల వాచిపోయింది గాని ఆమె తల మిగిలింది.

తుమ్మస్ వంటింట్లో కాఫీ కాస్తున్నాడు. ఆమె ఇనపరేకు తీసి బల్లమీద పెట్టింది. ఆయన దాన్ని చూసి, ఇంకో కప్పు తీసి, గాలికి ఎండిన గొర్రె మాంసం సన్నటి ముక్కలు కోసి రొట్టెమీద పరిచి ఆమె ముందుకి తోశాడు. తర్వాత కూర్చున్నాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అంది రన్వా.

"కట్టేసిన పడవ పక్కకి తిరగదు కదా అమ్మాయ్. సోమవారం తాడు కట్టాక బిల్లా సంచి తీసుకుని దిగింది. తెరమీద ముక్కు ఎడమకి తిరిగింది. నిజం ముక్కు గోడకి ఆనుకునే ఉంది."

"మరి అంతకుముందు, మంచులో? అప్పుడు తెలీదుగా."

అప్పటి సంగతి ఆయన కొంచెం కొంచెంగా చెప్పాడు. పిట్టలు చెప్పాయి. రంగుముక్కు లుండి పిట్టలు మంచులో పడవ ముందు నుంచి నీళ్ళని రాసుకుంటూ పోతున్నాయి. ముక్కులో చేప ఉంటే ఇంటికి, ఖాళీ ముక్కయితే పనికి, ఆ లెక్క ఈ దీవిలో మాటలు రాని పిల్లలకి కూడా తెలుసు. వాటి బొరియలు రేవు వెనక కొండకి ఉన్నాయి. చేపలు పట్టుకున్నవన్నీ ఎడమనుంచి కుడికి పోతున్నాయి. తెర చూస్తే రేవు ఎదురుగానే ఉందంటోంది. ఒక పిట్ట అయితే దారి తప్పిందనుకుంటాం. యాభై పిట్టలు నోట్లో పిల్లల తిండితో దారి తప్పవు. అందుకని యంత్రం ఆపి వాటి వెనకే వెళ్ళాడు.

"ఆ మాటే రేగిన్‌కి చెప్పొచ్చుగా. దురదేమిటి?"

"పిట్టలు చెప్పాయంటే ఆ పిట్టల్ని పరీక్షించడానికి మనిషిని పంపుతాడు. యంత్రం తప్పు చెప్పిందంటే నిన్ను పంపుతాడు. పంపాడు చూడు. నువ్వు తవ్వుతావు, సంచి బయటపడుతుంది, సంచిలో నీ కానుక బయటపడుతుంది. అందుకే సంచి తీసేశాను. నాకా, రెండేళ్ళలో ఎలాగూ దిగాలి. నువ్వింకా పాతికేళ్ళు పడవలెక్కాలి." ఆయన కప్పు తిప్పాడు. "కిటికీ వెనక పని అంత చెడ్డదేం కాదు. తడవం."

ఈ మాట అంటున్నప్పుడు ఆయన కుడిచెయ్యి బల్లమీద ఉంది. బయట రేవులో అల వచ్చి గోడకి తగిలిన చప్పుడైంది. ఆ చెయ్యి లేని చుక్కానిని కొంచెం ఎడమకి తిప్పి, అల పోయాక మళ్ళీ కుడికి తెచ్చింది. ఆయనకి తెలియదు. రన్వా చూసింది.

ఆమెకి అప్పుడు కోపమొచ్చింది. కాసేపు రొట్టె మీద చూపించి, తర్వాత వేరే ఏదో మొదలుపెట్టింది. ఆ పిట్టల్లో కూడా తన డబ్బాలో ఉన్నలాంటి సూది ఉందని చదివానంది. భూమి లాగే లాగుడు వాటికి తెలుస్తుంది. ఎక్కడో పావురాలకి అయస్కాంతం కట్టి వదిలి చూశారట. మబ్బు రోజున దారి తప్పాయి. ఎండ రోజున అదే అయస్కాంతంతో తిన్నగా ఇంటికొచ్చాయి.

తుమ్మస్ ముందుకి వంగాడు. ఇలాంటివంటే ఆయన చెవి కోసుకుంటాడు. "ఎండలో సూర్యుణ్ణి చూసుకుని వచ్చేశాయన్నమాట."

"అవును. సూదినీ అడుగుతాయి, సూర్యుణ్ణీ అడుగుతాయి, చుక్కల్నీ అడుగుతాయి, నేలనీ గుర్తుపడతాయి."

"నలుగుర్ని అడిగి వస్తాయి. నీ కొత్తకోడలు ఒక్కర్నే నమ్ముకుంది, అక్కడొచ్చింది చిక్కు."

"మరి నువ్వు?" అంది రన్వా. "నా తప్పు దాచాలా వద్దా అని ఎవర్నడిగావు? బిల్లాని అడిగావా, పాపం వానలో కూర్చోబెట్టావు. నన్నడిగావా?"

తుమ్మస్ ఇంకో ముక్క మాంసం కోశాడు. కోసిన ముక్క ఎవరికీ పెట్టలేదు.

గురువారం పొద్దున రన్వా రిపోర్టు రాసింది. ఒక పేజీ. డబ్బా పనితీరు బాగుంది. దాని పక్కన అయస్కాంతం ఉన్నప్పుడు పదకొండు డిగ్రీల తప్పు. తప్పు ముక్కుతో లెక్కేస్తే రికార్డు ఇలా, నిజం ముక్కుతో లెక్కేస్తే అలా. పడవ నడిపే సరంగు యంత్రం ఆపకపోయి ఉంటే నాలుగు నిమిషాల్లో పడవ ఎడమ రాయి మీద ఉండేది. అయస్కాంతం పడవలోకి ఎలా వచ్చింది అన్న వరుసలో పెన్సిలు పక్కన పెట్టి పెన్ను తీసుకుంది. బిగించిన టెక్నీషియన్ స్వయంగా ఇచ్చిన కానుక, అని రాసి తన పేరు పూర్తిగా రాసింది.

రేగిన్ రెండుసార్లు చదివాడు. రేగలేదు. ఈ ఒక్క వాక్యం ఇలాగే ఉండాలా అని అడిగాడు. సిబ్బంది సామానులో అయస్కాంతం ఉంది అంటే సరిపోతుంది కదా, ఎవరిచ్చారని కాగితం అడగడం లేదు కదా అన్నాడు. ఆయన నిజంగా మంచికే అన్నాడు. కానీ సిబ్బంది సామాను అంటే బిల్లా, చుక్కాని గదిలో ఏ సామాను ఉన్నా బాధ్యత సరంగుది. వాక్యం ఒక్క అంగుళం జరిగితే మళ్ళీ తుమ్మస్ దగ్గరికే చేరుతుంది. ఇలాగే ఉండాలంది రన్వా.

అయితే నిబంధన ప్రకారం ఆమె సంతకం సెప్టెంబరు దాకా చెల్లదు. శిక్షణకి మళ్ళీ వెళ్ళి రావాలి. అప్పటిదాకా ఆమె చేసిన పనికి ఇంకొకరు సంతకం పెట్టాలి. ఇదంతా రేగిన్ కాఫీ పోస్తూ చెప్పాడు. తుమ్మస్ సంగతేమిటని ఆమె అడిగితే, ఆ ఉత్తర్వు పైవాళ్ళు చూశాక మారుతుందో లేదో తెలుస్తుంది, చెప్పే దాకా ఉన్నది ఉన్నట్టేనన్నాడు.

సంతకం చెల్లకపోయినా స్క్రూడ్రైవరు చెల్లుతుంది గనక రన్వా ఆ సాయంత్రమే డబ్బాని గోడ వెనకనుంచి తీసి, చుక్కాని గది పైకప్పు కింద, ఏ కొక్కేనికీ అందని చోట బిగించింది. కొత్తచోట పెట్టాక దానికి దిక్కులు మళ్ళీ నేర్పాలి. నేర్పడమంటే పడవని నీళ్ళమీద నెమ్మదిగా, కుదుపు లేకుండా, ఒకే వేగంతో ఒక పూర్తి చుట్టు తిప్పడం.

శుక్రవారం ఏడుంబావుకి ఉత్తర్వు మారలేదు. మారలేదని కూడా ఎవరూ చెప్పలేదు. తుమ్మస్ రోజూలాగే వచ్చాడు, చుక్కాని గదిలోకి వచ్చి, చుక్కానికి అడుగు దూరంలో, చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. చుక్కాని బిల్లా పట్టింది. తాడు రన్వా విప్పింది. తొమ్మిదిమంది జనం, రెండు గొర్రెలు, ఒక సైకిలు.

రాళ్ళు దాటి బయట నీళ్ళలోకి వచ్చాక బిల్లా చుట్టు మొదలుపెట్టింది. మూడు వంతులు తిరిగేసరికి తెర, మళ్ళీ మొదలుపెట్టు అంది. రెండోసారి సగంలోనే అంది. బిల్లా చుక్కానిని అల్లకంలా పట్టింది, ఒక కుట్టు ఇటు, ఒక కుట్టు అటు. వెనక బెంచీల మీద జనానికి సంగతి తెలిసిపోయింది. ఒక టిక్కెట్టుకి ఎన్ని చుట్లని ఒకాయన అడిగాడు. తలతిరుగుడుకి వేరే టిక్కెట్టా, అందులోనే కలిపారా అని ఇంకొకావిడ. గొర్రె ఒకటి నిలబడి మళ్ళీ పడుకుంది.

మూడోసారి కూడా తెర ఒప్పుకోలేదు. బిల్లా చుక్కాని వదిలి పక్కకి జరిగింది.

"పట్టు ముసలోడా."

"వద్దన్నారు."

"పెద్దరేవుకి నడపొద్దన్నారు. గుండ్రంగా తిరగొద్దని ఎవరన్నారు? ఎక్కడికీ వెళ్ళడంలేదుగా."

తుమ్మస్ రన్వా వైపు చూశాడు. ఆమె తెర ముందు నుంచి కొంచెం జరిగి ఆయనకి చోటిచ్చింది. ఆయన జేబుల్లోంచి చేతులు తీశాడు. కుడిచెయ్యి చుక్కాని మీద పడ్డప్పుడు అరచెయ్యి అంతా పడలేదు, ముందు రెండు వేళ్ళు, తర్వాత మిగతావి. పడవ తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతోందని కిటికీలోంచి కొండ కదులుతుంటే తప్ప తెలియలేదు. బెంచీల మీద మాటలు ఆగిపోయాయి. కొండ వెళ్ళింది, సముద్రం వచ్చింది, అవతలి దీవులు వచ్చాయి, ఇంకా సముద్రం.

ముప్పావు చుట్టు అయ్యేసరికి రేడియోలో రేగిన్ గొంతు వచ్చింది.

"తెర్నా, మీరు చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తోంది. చుక్కాని దగ్గర ఎవరున్నారు?"

బిల్లా రేడియో మైకు తీసి, మీట నొక్కబోయి, ఆగింది. ఏదో ఒకటి చెప్పేయగలదు. నేనే అనగలదు. చుక్కాని పట్టే అనుమతి బిల్లాకి ఉంది, ఆ మాట చెల్లుతుంది కూడా. తుమ్మస్ ఎడమచెయ్యి చాపాడు. ఆమె మైకు ఆ చేతిలో పెట్టింది. కుడిచెయ్యి చుట్టుని ఒక్క పిసరు కూడా చెడగొట్టలేదు.

"తుమ్మస్," అన్నాడాయన.

రన్వా తెర చూస్తోంది. చివరి పావు చుట్టు సన్నటి ఆకుపచ్చ గీతలా మూసుకుంటోంది.

"ఇక్కడ ఈ పూట కాగితంలో సరంగు పేరు ఖాళీగా ఉంది," అన్నాడు రేగిన్, ఎప్పటి గొంతుతోనే. "రాసుకుంటున్నాను. తుమ్మస్. పెద్దరేవుకి ఎన్నింటికి చేరతారు?"

తుమ్మస్ గడియారం చూశాడు, నీళ్ళు చూశాడు, తెర కూడా చూశాడు.

"పది నిమిషాలు ఆలస్యంగా," అన్నాడు. "యంత్రానికి దిక్కులు నేర్పుతున్నాం."